గుండెల మీద ఏనుగు

సర్కసు బలశాలి కోడి రామ్మూర్తి నాయుడి గురించి తెలుగునాట రెండు రకాల మాటలు వినిపిస్తాయి. ఆయన యోగి అని, వాయుస్తంభన తెలిసినవాడని, ఒకసారి ఊపిరి బిగబడితే గుండెల మీద ఏనుగు నిలబడినా చెక్కుచెదరడని మొదటి వర్గం అంటుంది. అదంతా సర్కసు కనికట్టు, ఆ కాలపు జనం అమాయకులు కాబట్టి చెల్లిందని రెండో వర్గం కొట్టిపారేస్తుంది. శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరు పెట్టింది మొదటి వర్గమైతే, విశాఖ బీచిలో ఆయన విగ్రహం పక్కన ఫొటో దిగి నవ్వుకుంటూ వెళ్లేది రెండో వర్గం. ఈ రెండు వర్గాలూ పైకి కొట్లాడుకుంటున్నట్టు కనిపిస్తాయి గానీ ఒక విషయంలో మాత్రం ఏకాభిప్రాయంతో ఉన్నాయి. రహస్యం ప్రదర్శన జరిగిన ఆ కొద్ది నిమిషాల్లోనే ఉందని ఇద్దరూ నమ్ముతారు. ఒకరు దాన్ని మహిమ అంటారు, మరొకరు మోసం అంటారు, అంతే తేడా. నిజానికి ఆ నిమిషాల్లో జరిగినదాన్ని భౌతికశాస్త్రం, శరీరధర్మశాస్త్రం కలిసి చాలావరకు విప్పి చెప్పగలవు. విప్పిన తరువాత మిగిలేది మహిమా కాదు, మోసమూ కాదు. ఏళ్ల తరబడి క్రమంగా పెంచుకున్న బరువు, కడుపునిండా తిండి, దానికి తోడు విశ్రాంతి. ఈ మూడింట్లో ఏది లేకపోయినా ఎంత ఊపిరి బిగబట్టినా రామ్మూర్తి కాలేరు. దానికి సాక్ష్యం కోసం విజయనగరం దాకా పోనక్కర లేదు, గుంటూరు మిర్చి యార్డు చాలు.

ఆయన పుట్టింది 1882లో, వీరఘట్టంలో. చిన్నప్పుడే తల్లి పోయింది. విజయనగరంలో పోలీసు ఉద్యోగంలో ఉన్న పినతండ్రి దగ్గర పెరిగాడు. చదువు అంతంతమాత్రం, ధ్యాసంతా గోదా మీదే. ఉత్తరాంధ్ర ఊళ్లలో సంగిడి రాళ్లు ఎత్తడం పండగ పోటీ, కుస్తీ పట్టడం మగపిల్లలకు అలవాటు. జమీందార్లు వస్తాదులను పోషించే రోజులు అవి. ఆ గాలిలో పెరిగిన కుర్రాడు మద్రాసు వెళ్లి సైదాపేటలో వ్యాయామ శిక్షణ పూర్తిచేసి, తిరిగొచ్చి విజయనగరంలో తాను చదివిన బడిలోనే వ్యాయామ ఉపాధ్యాయుడయ్యాడు. సర్కసు కంపెనీ పెట్టి దేశం తిరిగింది ఆ తరువాత. ఈ వరుసను గుర్తుపెట్టుకోవాలి. ముందు పల్లె గోదా, తరువాత శాస్త్రీయ వ్యాయామ శిక్షణ, ఆ పైన పిల్లలకు నేర్పే పని, చివరికి ప్రదర్శన. జనం కళ్లకు కనిపించింది ఈ చివరి మెట్టు ఒక్కటే. ఆయన శాకాహారి అని, బ్రహ్మచారి అని, ప్రాణాయామ సాధకుడని జీవితకథలన్నీ చెబుతాయి. ఐదవ జార్జి రాజు ముందు ప్రదర్శన ఇచ్చి 'ఇండియన్ హెర్క్యులిస్' అనిపించుకున్నాడని, మనవాళ్లు 'కలియుగ భీముడు' అన్నారని కూడా చెబుతాయి. బిరుదుల సంగతి పక్కన పెట్టి, ముందు ఊపిరి సంగతి చూద్దాం.

బరువు ఎత్తే ముందు ఎవరైనా సరే గుండెల నిండా గాలి పీల్చి, గొంతు మూసి, పొట్ట బిగిస్తారు. ఇది ఎవరూ నేర్పకుండానే వస్తుంది. బావిలోంచి పెద్ద బిందె చేదుకునే మనిషి చేసేదీ ఇదే. వైద్యులు దీన్ని వల్సాల్వా పద్ధతి అంటారు. ఇటలీలోని బొలోన్యా శరీరశాస్త్రజ్ఞుడు ఆంటోనియో వల్సాల్వా 1704లో చెవి గురించి రాసిన గ్రంథంలో దీన్ని వర్ణించాడు. ఆయన ఉద్దేశం చెవిలో చేరిన చీమును బయటికి నెట్టడం. బలానికి దీనితో ఉన్న సంబంధాన్ని తేల్చడానికి మరో రెండున్నర శతాబ్దాలు పట్టింది. 1957లో బార్టెలింక్ అనే పరిశోధకుడు, బరువు ఎత్తేటప్పుడు పొట్టలో పెరిగే ఒత్తిడి వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి బిళ్లల మీద భారం తగ్గిస్తుందని వాదించాడు. పైన ఉదరవితానం, చుట్టూ పొట్ట కండరాలు, కింద కటి కండరాలు ఒక్కసారిగా బిగుసుకుంటే మధ్యలో ఉన్నదంతా నిండా గాలి పట్టిన లారీ టైరులా గట్టిపడుతుంది. వంగిపోవలసిన మొండెం నిటారుగా నిలుస్తుంది. ఆ ఒత్తిడి నేరుగా ఎంత భారం మోస్తుంది, వెన్నును బిగించి నిలపడంలో దాని పాత్ర ఎంత అన్నదాని మీద తరువాతి పరిశోధకులు చర్చించారు గానీ, అది పనికొస్తుందన్న విషయంలో ఎవరికీ సందేహం లేదు. కాబట్టి ఊపిరి బిగబడితే బలం వస్తుందన్న మాట ఉత్తది కాదు. మొదటి వర్గం ఆ మేరకు గెలిచినట్టే.

అయితే అదే ఊపిరి కొద్ది సెకన్లు దాటితే శత్రువవుతుంది. ఛాతీలో ఒత్తిడి పెరిగినప్పుడు శరీరం నుంచి గుండెకు తిరిగొచ్చే సిరలు నొక్కుకుపోతాయి. సిరల్లో రక్తపు ఒత్తిడి చాలా తక్కువ, బయటి నొక్కుడును అది తట్టుకోలేదు. మొదట్లో రక్తపోటు ఎగబాకుతుంది, ఆ వెంటనే గుండెకు చేరే రక్తం తగ్గి పడిపోతుంది, ఊపిరి వదిలాక మళ్లీ ఎగదన్నుతుంది. బరువులు ఎత్తేవాళ్లు కొందరు వేదిక మీదే కళ్లు తిరిగి పడిపోవడానికి కారణం ఇదే. ఎగబాకే రక్తపోటు ఎంతో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో మెక్‌డూగల్ బృందం 1985లో కొలిచింది. ధమనిలోకే గొట్టం దూర్చి, ఐదుగురు వ్యాయామవీరుల చేత రెండు కాళ్లతో బరువు నెట్టించారు. సగటున 320/250 వచ్చింది, ఒకరిలో 480/350 దాకా పోయింది. మామూలుగా 120/80 ఉండవలసిన అంకె అది. ఆరోగ్యవంతుడైన సాధకుడి నాళాలు క్షణాల పాటు దీన్ని భరిస్తాయి. నిమిషాల పాటు ఎవరి నాళాలూ భరించవు. రామ్మూర్తి ఐదు నిమిషాల పాటు ఊపిరి బిగబట్టి ఏనుగును గుండెల మీద మోశాడన్న కథను యథాతథంగా తీసుకోలేకపోవడానికి కారణం ఇక్కడ ఉంది. ఐదు నిమిషాలు మోసి ఉంటే ఊపిరి బిగబట్టి కాదు, ఊపిరి బిగబట్టి ఉంటే ఐదు నిమిషాలు కాదు.

"యోగులకు ఆ లెక్కలు వర్తించవు, వాళ్లు గుండెనే ఆపగలరు" అనే అభ్యంతరం ఇక్కడ తప్పకుండా వస్తుంది. దాన్ని పరీక్షించిన వాళ్లున్నారు. ఢిల్లీ ఎయిమ్స్‌లో పనిచేసిన బి.కె. ఆనంద్, అమెరికా నుంచి వచ్చిన వెంగర్, బాగ్చీ కలిసి గుండెనూ నాడినీ ఆపుతామన్న సాధకుల మీద ప్రయోగాలు చేసి 1961లో ఫలితాలు అచ్చు వేశారు. మణికట్టు దగ్గర నాడి అందలేదు, గొట్టం పెట్టి వింటే గుండె చప్పుడు వినపడలేదు. కానీ ఈసీజీ కాగితం మీద గుండె కొట్టుకుంటూనే ఉంది. వాళ్లు చేసింది గొంతు మూసి, ఛాతీని పొట్టను బిగించి, గుండెకు చేరే రక్తాన్ని తగ్గించడం. నింపుకోవడానికి రక్తం లేని గుండె కొట్టుకున్నా నాడి దాకా అల రాదు. అంటే వల్సాల్వా పద్ధతినే వాళ్లు అసాధారణమైన నేర్పుతో చేశారు. ఆ నేర్పును తక్కువ చేయనక్కర లేదు, మామూలు మనిషికి అంత అదుపు ఉండదు. కానీ ఆ నేర్పు శరీరధర్మాలను దాటిపోలేదు, వాటి అంచు దాకా వెళ్లింది. వాయుస్తంభన అన్న మాటకు ఇంతకంటే మంచి నిర్వచనం దొరకదు.

ఇప్పుడు ఏనుగు దగ్గరికి వద్దాం. సర్కసుల్లో వాడిన పద్ధతిని బట్టి లెక్క వేద్దాం. మనిషి పడుకుంటాడు, మీద పరుపు లాంటిది వేసి దళసరి చెక్క పలక అడ్డంగా పెడతారు. ఆ పలక మీదుగా ఏనుగు నడుస్తుంది. పలక ఏనుగు కంటే పొట్టిదైతే నాలుగు కాళ్లూ ఒకేసారి దాని మీదికి రావు, మిగతావి నేల మీదే ఉంటాయి. టన్నున్నర బరువున్న గున్న ఏనుగు అనుకుంటే, మనిషి మీద పడేది దాదాపు సగం, అంటే 750 కిలోలు. పలక ఛాతీ మీద, పొట్ట మీద కలిపి 2000 చదరపు సెంటీమీటర్ల మేర ఆనితే చదరపు సెంటీమీటరుకు 400 గ్రాముల లోపు. అదే ఏనుగు పలక లేకుండా ఒక్క పాదం మోపితే పక్కటెముకలు మిగలవు. లోపలి వైపు చూస్తే, బలమైన మగవాడు గొంతు మూసి ఊదినప్పుడు ఛాతీలో పుట్టించే ఒత్తిడి సుమారు 150 సెంటీమీటర్ల నీటిమట్టానికి సమానం, అంటే చదరపు సెంటీమీటరుకు 150 గ్రాములు. దాన్ని 2000తో గుణిస్తే 300 కిలోలు. అంత బరువును బంధించిన గాలి మోస్తుంది. మిగతా 450 కిలోలు మోయవలసింది పక్కటెముకల కమాను, రొమ్ము ఎముక, వాటి మీద పేరుకున్న కండ. గాలిని ఎవరైనా బంధించవచ్చు. ఆ 450 కిలోలు మోసే కండ, ఎముక మాత్రం సంవత్సరాల కూలి. బరువుకు అలవాటుపడిన ఎముక దళసరి అవుతుందన్నది పంతొమ్మిదో శతాబ్దపు చివర్లోనే జర్మన్ శస్త్రవైద్యుడు యూలియస్ వోల్ఫ్ చెప్పిన సూత్రం. రామ్మూర్తి ఇరవై ఒకటో ఏట టన్నున్నర, ఆ తరువాత మూడు టన్నులు గుండెల మీద మోశాడని జీవితకథలు చెబుతాయి. ఆ అంకెలను తూచిన త్రాసు మన చేతిలో లేదు గానీ, ముందు టన్నున్నర, తరువాత మూడు అన్న వరుస మాత్రం సాధన ఎలా సాగిందో చెప్పకనే చెబుతోంది.

ఆయన కార్లను తాళ్లతో పట్టి ఆపిన ప్రదర్శన విషయంలో జనాన్ని తికమక పెట్టేది హార్స్‌పవర్ అన్న మాట. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టీ కారుకు ఇరవై హార్స్‌పవర్ ఇంజను. రెండు కార్లు అటూ ఇటూ లాగుతుంటే మధ్యలో నిలబడ్డవాడు నలభై గుర్రాలను ఆపినట్టే కదా అనిపిస్తుంది. అనిపించడమే తప్ప నిజం కాదు. హార్స్‌పవర్ అంటే బలాన్ని వేగంతో గుణించగా వచ్చేది. కదలని కారు వేగం సున్నా, కాబట్టి అక్కడ హార్స్‌పవర్‌కు అర్థం లేదు. చూడవలసింది చక్రం నేలను ఎంత గట్టిగా పట్టుకుంటుంది అన్నది. ఆ కారు బరువు 540 కిలోలు, ఇద్దరు మనుషులతో కలిపి 700 లోపు. తిప్పే వెనక చక్రాల మీద పడేది అందులో సగం పైచిలుకు. మట్టి నేల మీద ఆ బరువులో దాదాపు సగం మేరకే లాగుడు పుడుతుంది, అంటే 200 కిలోల లోపు. అంతకు మించితే చక్రం జారుతుంది. ఇక రెండో కారు వల్ల ఈ లాగుడు రెట్టింపు కాదు. రెండో కారు స్థానంలో చింతచెట్టు ఉన్నా మనిషి ఒంటి మీద పడేది అదే 200 కిలోల బిగువు. పైగా అటు లాగుడు ఇటు లాగుడుకు సరిపోతుంది కాబట్టి ఆయన కాళ్లు జారవు. ఒక్క షరతు మాత్రం తప్పదు. కారు నిలిచి ఉండగానే తాడు బిగుతుగా ఉండాలి. తాడు వదులుగా ఉండి కారు వేగం పుంజుకుంటే ఆ కుదుపును ఏ మనిషీ ఆపలేడు. వైస్రాయి మింటో కారును రామ్మూర్తి ఆపిన కథ చెప్పేవాళ్లు కూడా, ముందు తాళ్లు కట్టి ఆ తరువాతే కారు నడపమన్నారనే చెబుతారు. అది మోసం కాదు, పనివాడి తెలివి.

ఛాతీకి చుట్టిన గొలుసును ఆయన తెంచడం గురించి జనంలో ఉన్న నమ్మకం, ఊపిరితిత్తులను ఉబ్బించి తెంచాడని. ఇక్కడ లెక్క ఊపిరికి పూర్తిగా ఎదురు తిరుగుతుంది. చదరపు సెంటీమీటరుకు 150 గ్రాముల ఒత్తిడి, 35 సెంటీమీటర్ల వెడల్పు ఛాతీ, అందులో పాతిక సెంటీమీటర్ల ఎత్తు మేర నెట్టుడంతా గొలుసు మీదికే వచ్చిందనుకున్నా, గొలుసులో పుట్టే బిగువు 70 కిలోలు దాటదు. పలుపుతాడు కూడా తెగదు దానికి. తెంచింది ఊపిరి కాదు, వీపుకు రెండు పక్కలా ఉండే రెక్క కండరాలు, రొమ్ము కండరాలు ఒక్కసారిగా ఉబ్బడం, భుజాలు వెనక్కి విరవడం. అదీ గొలుసులో అన్నిటికంటే బలహీనమైన కొక్కెం దగ్గర. ఇక బలశాలుల ప్రదర్శనల్లో తప్పనిసరి అంశమైన బండ పగలగొట్టించుకోవడంలో రహస్యం బండ బరువులోనే ఉంది. ఐదు కిలోల సుత్తి సెకనుకు ఎనిమిది మీటర్ల వేగంతో పడితే దానిలో 160 జౌళ్ల శక్తి ఉంటుంది. కింద వంద కిలోల చీమకుర్తి రాయి ఉంటే, ఆ బండ కదిలి ఛాతీని నొక్కే శక్తి ఎనిమిది జౌళ్లకు మించదు. బండ పది కిలోలదే అయితే యాభై జౌళ్లు దాటుతుంది. చూసేవాడికి పెద్ద బండ ప్రమాదంగా కనిపిస్తుంది, పడుకున్నవాడికి అదే రక్ష. ఒక్క పేచీ ఏమిటంటే చీమకుర్తి నల్లరాయి అంత తేలిగ్గా పగలదు, పొరలు పొరలుగా విడిపోయే మార్కాపురం పలకరాయి అయితే ఒక్క దెబ్బకు పగిలిపోతుంది. ఉమ్మడి ప్రకాశం జిల్లాలో ఈ రెండు రాళ్లూ ఉన్నాయి. వస్తాదు ఏది ఎంచుకుంటాడో ఊహించడం కష్టం కాదు.

ఇదంతా చదివి, "అయితే ఆయన చేసిందంతా ఉపాయమేనా?" అని ఎవరైనా నొచ్చుకుంటే ఆ బాధ అర్థం చేసుకోదగ్గదే గానీ తర్కం సరికాదు. ఉపాయం అసాధ్యాన్ని అసాధారణంగా మార్చింది, తేలిక చేయలేదు. 200 కిలోల బిగువును చేతుల్లో, భుజాల్లో పట్టి నిలపడం, 450 కిలోలను పక్కటెముకల మీద ఆనించుకోవడం ఈ రోజుకీ వేలల్లో ఒకరికి కూడా చేతకాదు. యుద్ధవిద్యల శాస్త్రంలో ఇలాంటి ఉదాహరణ మరొకటి ఉంది. కరాటేలో చేత్తో చెక్కలు, దిమ్మెలు పగలగొట్టడం వెనక ఉన్న భౌతికశాస్త్రాన్ని 1979లో ఫెల్డ్, మెక్‌నేర్, విల్క్ అనే ముగ్గురు కొలిచి చూపారు. సాధకుడి చెయ్యి సెకనుకు పది నుంచి పద్నాలుగు మీటర్ల వేగం అందుకుంటుందని, మూడు వేల న్యూటన్లకు పైగా బలం పుట్టిస్తుందని తేల్చారు. ఆ ముగ్గురిలో రొనాల్డ్ మెక్‌నేర్ స్వయంగా కరాటే బ్లాక్‌బెల్ట్, తరువాత వ్యోమగామి అయ్యాడు, 1986లో ఛాలెంజర్ ప్రమాదంలో చనిపోయాడు. తన విద్య గుట్టు తానే విప్పిన ఆయనకు ఆ విద్య మీద గౌరవం తగ్గలేదు. మనకు మాత్రం ఎందుకు తగ్గాలి?

అసలు ప్రశ్న ఇప్పుడు మొదలవుతుంది. ఆ కండ, ఆ ఎముక ఎలా వచ్చాయి? గోదాలో దండీలు, బస్కీలు, మట్టి తవ్వడం, కుస్తీ పట్టడం, రాళ్లు ఎత్తడం పునాది. వీటికి ఒక క్రమం ఉంటుంది. కొత్తగా చేరినవాడికి వస్తాదు పాతిక దండీలు చెబితే, ఆరు నెలలకు అవి వందలవుతాయి, రాయి బరువు మారుతుంది, ఎదురు నిలిచే జోడీ మారతాడు. ఆధునిక వైద్యంలో ఈ క్రమానికి సూత్రరూపం ఇచ్చింది అమెరికా సైనిక వైద్యుడు డిలార్మ్. రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడిన సైనికుల కాళ్లకు బలం తేవడానికి, బరువును దశలవారీగా పెంచే పద్ధతిని ఆయన 1945లో ప్రచురించాడు. 1979లో మోరిటాని, డెవ్రీస్ మరో సంగతి చూపారు. సాధన మొదలుపెట్టిన తొలి వారాల్లో పెరిగే బలం ప్రధానంగా కండ పెరగడం వల్ల కాదు, నాడులు కండలోని పోగులను ఎక్కువ సంఖ్యలో, ఒకేసారి పిలవడం నేర్చుకోవడం వల్ల. కండ పెరుగుదల దాని వెనక నెమ్మదిగా వస్తుంది. బక్కగా కనిపించే కుస్తీవాడు లావుపాటి మనిషిని ఎత్తి కుదేయడం వెనక ఉన్నది ఈ నాడుల చదువే. ప్రాణాయామానికి కూడా ఇక్కడ చోటుంది. క్రమం తప్పక చేసే శ్వాస సాధన శ్వాసకండరాలను బలపరుస్తుంది, గొంతును, ఉదరవితానాన్ని కోరిన క్షణాన బిగించే అదుపు ఇస్తుంది. బలాన్ని పుట్టించేది అది కాదు, పుట్టిన బలాన్ని వృథా కాకుండా నిలబెట్టేది.

"బరువు మోస్తే బలం వస్తుందనే మాట నిజమైతే మిర్చి యార్డులో ప్రతి హమాలీ రామ్మూర్తి కావాలి కదా" అన్న ప్రశ్న ఈ వాదానికి గట్టి పరీక్ష. గుంటూరు యార్డులో ఒక మిర్చి టిక్కీ (బస్తా) బరువు నలభై, నలభై ఐదు కిలోలు. రోజుకు రెండు వందల టిక్కీలు మోసిన మనిషి వీపు మీద ఎనిమిది, తొమ్మిది టన్నులు కదిలాయన్నమాట.  (హమాలీ కూడా ఊపిరి బిగబడతాడు, సగం బరువు కోసం, సగం మిర్చి ఘాటుకు. గొంతులో మంట పుట్టించే కాప్సైసిన్ దుమ్ములో కలిసి ఉంటుంది, దగ్గు వస్తే టిక్కీ జారుతుంది.) అయినా అతను రామ్మూర్తి కాకపోవడానికి కారణం స్పష్టం. ఇరవయ్యో ఏట మోసిన టిక్కీ నలభై ఐదు కిలోలే, నలభయ్యో ఏట మోసేదీ అంతే. బరువు పెరగనప్పుడు శరీరం ఆ బరువుకు సరిపోయేంత మాత్రమే మారి ఆగిపోతుంది, ఆ పైన పెరిగేది ఓర్పు, అరిగేది కీలు. శ్రమపడిన కండ పోగులు కోలుకుని మందం కావడానికి ఒకటి రెండు రోజుల విరామం, మాంసకృత్తులు నిండిన తిండి కావాలి. జనవరి నుంచి వేసవి దాకా సరుకు పోటెత్తే సీజన్లో విరామం అంటే కూలి పోవడం. కష్టం ఒక్కటే బలాన్నిస్తే, పత్తి జిన్నింగు మిల్లుల్లో 170 కిలోల బేళ్లు దొర్లించే వాళ్ల ముందు పహిల్వాన్లు నిలబడలేరు.

ఈ సూత్రం మన రైతులకు తెలియనిది కాదు. కోటప్పకొండ తిరునాళ్ల రోజుల్లోనూ సంక్రాంతికీ జరిగే బండలాగుడు పోటీలకు ఒంగోలు జాతి ఎడ్లను తయారుచేసే తీరు చూస్తే, డిలార్మ్ పుస్తకం చదివి చేస్తున్నారా అనిపిస్తుంది. పాలపళ్ల గిత్తకు ఒక బండ, రెండు పళ్లు వేసినదానికి మరొకటి, ఆరు పళ్లకు ఇంకొకటి. ముందు తేలిక బండ, తరువాత బరువు. పోటీ జత చేత పొలం దున్నించరు. ఉలవలు, తవుడు, పత్తిగింజలు, పైగా ఈత, విశ్రాంతి. గిట్టలు నేలను పట్టే తీరును బట్టి లాగుడు ఉంటుందని కూడా వాళ్లకు తెలుసు. కారు చక్రానికి వర్తించిన లెక్కే ఎద్దు గిట్టకూ వర్తిస్తుంది. బక్క గిత్తను తెచ్చి, "మంత్రం వేస్తే లాగుతుంది" అంటే పల్నాడులో ఒక్కరూ నమ్మరు. మనిషి విషయానికి వచ్చేసరికి మాత్రం మంత్రం, మహిమ, పూర్వజన్మ సుకృతం ఎందుకు గుర్తొస్తాయో తెలియదు.

తిండి గురించి రెండు మాటలు. రామ్మూర్తి శాకాహారి కావడం వల్లే బలవంతుడయ్యాడని కొందరు, శాకాహారంతో అంత బలం అసాధ్యమని మరికొందరు అంటారు. 2018లో మోర్టన్ బృందం పాత ప్రయోగాలెన్నిటినో కలిపి చూసి, బరువుల సాధన చేసేవారికి శరీర బరువులో కిలోకు రోజుకు సుమారు 1.6 గ్రాముల మాంసకృత్తులు దాటాక అదనపు లాభం పెద్దగా లేదని తేల్చింది. వంద కిలోల మనిషికి అది 160 గ్రాములు. రెండున్నర లీటర్ల పాలలో 80 గ్రాములు, రెండు వందల గ్రాముల కందిపప్పులో నలభైకి పైన, మిగతాది అన్నం, బాదం, పెరుగులో వచ్చేస్తాయి. కుదరని పని కాదు, ఖరీదైన పని. జమీందార్ల ఆదరణ, సర్కసు రాబడి ఉన్న మనిషికి కుదిరింది. బ్రహ్మచర్యం బలాన్ని పెంచుతుందనే వాదానికి ప్రయోగాల మద్దతు లేదు. ఇంటి బాధ్యత లేని మనిషికి సాధనకూ నిద్రకూ సమయం దొరుకుతుందన్న మేరకు ఒప్పుకోవచ్చు.

ఇన్ని చెప్పినా ఎవరు పడితే వారు రామ్మూర్తి అవుతారని కాదు. ఒకే సాధన చేసిన పదిమందిలో ఫలితం పది రకాలుగా ఉంటుంది. ఎముకల పొడవు, కండ ఎముకకు అతికిన చోటు, వేగంగా ముడుచుకునే పోగుల పాలు పుట్టుకతో వచ్చేవి. ఆ వరం ఆయనకు ఉండే ఉంటుంది. చివరి రోజుల్లో అదే శరీరం ఆయనకు ఎదురు తిరిగింది. కాలికి పుండు లేచి కాలే తీసేయవలసి వచ్చింది. మత్తుమందు వద్దని, ప్రాణాయామంతోనే శస్త్రచికిత్స భరించాడని అంటారు. నెమ్మదైన శ్వాస నొప్పి మీద ధ్యాసను, నొప్పికి శరీరం చేసే అలజడిని తగ్గించడం ప్రయోగాల్లో కనిపించినదే. ఎముక కోసే రంపం నొప్పికి అది చాలుతుందా అంటే, అంత దూరం ఏ ప్రయోగమూ వెళ్లలేదు, వెళ్లకూడదు కూడా. 1942 జనవరిలో ఒడిశాలోని బలంగీర్‌లో ఆయన కన్నుమూశాడు.

ఇప్పుడు బలాన్ని కిలోల్లో తూచి చెప్పవచ్చు. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం నుంచి వచ్చిన రాగాల వెంకట రాహుల్ 2018 కామన్వెల్త్ క్రీడల్లో 85 కిలోల విభాగంలో 151, 187, మొత్తం 338 కిలోలు ఎత్తి స్వర్ణం గెలిచాడు. అక్కడ ఏనుగు లేదు, పలక లేదు, తాడు లేదు. ఊపిరి మాత్రం ఉంది, కొద్ది సెకన్లు. దాని వెనక ఉన్నది చిన్నప్పటి నుంచి కిలో కిలో పెంచుకుంటూ వచ్చిన బరువు. ఇక పెంచని బరువు మోసే హమాలీల గురించి కూడా శాస్త్రం కొన్ని అంకెలు చెప్పింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో వయోజన పురుషుడు ఒకసారికి మోయదగ్గ గరిష్ఠ బరువు 55 కిలోలని సిఫారసు చేసింది. ఆ కొలత ప్రకారం మిర్చి టిక్కీకి ఏ లోపమూ లేదు. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ 1991లో సవరించిన సూత్రం మాత్రం, నేల చదునుగా, పట్టు బిగువుగా, బరువు ఒంటికి దగ్గరగా, ఎత్తడం అరుదుగా ఉన్నప్పుడు కూడా 23 కిలోలు దాటవద్దంటుంది. ఎత్తే సంఖ్య పెరిగేకొద్దీ, బరువు ఒంటికి దూరమయ్యేకొద్దీ, నడుము పక్కకు తిరిగేకొద్దీ ఆ 23 ఇంకా తగ్గుతూ పోతుంది. కోల్డ్ స్టోరేజీలో వరస మీద వరస టిక్కీలు పేర్చే మనిషికి ఈ మూడూ ఒకేసారి వర్తిస్తాయి.